తడితే ఆగే కాలు

పందొమ్మిదేళ్లు మా హైతీలో జాక్మెల్ కొండదారిలో బండి తోలినవాణ్ణి నేను. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. బ్రేకులు పడితే పడతాయి, లేకపోతే లేదు. లోపల పద్నాలుగు మంది, పైన అరటిగెలలు, కోళ్లు. నా చేతిలో ఒక్క ప్రాణం పోలేదు. అలాంటి నాకు నలభై ఆరేళ్ల వయసులో, కళ్లద్దాల ఆవిడ ఒకతె పక్కన కూర్చుని బండి తోలడం వచ్చా రాదా అని పరీక్ష పెడుతుందంటే ఒళ్లు మండదా మరి!

మండింది. కానీ ఏం చేస్తాను? హైతీలో ఇచ్చిన లైసెన్సు ఈ చిలీలో చెల్లదు. లైసెన్సు ఆఫీసు కౌంటరు దగ్గర కుర్చీలో ఉన్నతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఫొటో బాగుందని చెప్పి తిరిగిచ్చేశాడు.

ఈ ఊరొచ్చి రెండేళ్లయింది. బల్దొమేరోగారి రొట్టెల బట్టీలో పిండి బస్తాలు మోస్తున్నాను. ఆయన మంచివాడే. కళ్లకి పొరలు కమ్మడంతో కూతురు ఆయన్ని వ్యాను ముట్టుకోనివ్వడం లేదు. ఒకరోజు నన్ను పిలిచి చెప్పాడు.

"ఒనోరా, నెలాఖరు లోపల లైసెన్సు తెచ్చుకో. వ్యాను నీకిచ్చేస్తా. లేదంటే మా అక్క కొడుకు కాచుక్కూచున్నాడు. వాడు ఎక్కాడంటే మళ్లీ దింపడం నా తరం కాదు నాయనా."

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. జీతం పెరుగుతుందని కాదు. ఈ ఊళ్లో నేనొక డ్రైవర్నని ఎవరికీ తెలియదు. బజార్లో నన్ను "మోరేనో" అని పిలుస్తారు, అంటే నల్లోడా అని. కొందరు ప్రేమగానే అంటారు, కొందరు అలా కాదు. మా దారిలో మాత్రం చంటిపిల్లలు కూడా నన్ను డ్రైవరుగారూ అనే పిలిచేవాళ్లు. ఆ పిలుపు పోయాక నాలో సగం మనిషి పోయాడు. నాకది కావాలి.

రాతపరీక్ష గట్టెక్కాను. మా ఆవిడ క్లెర్మీజ్ అన్నం వారుస్తూ, బట్టలు ఉతుకుతూ ప్రశ్నలడిగి అడిగి పుస్తకమంతా బట్టీ పట్టించింది. తర్వాత ఒక చీకటి గదిలో కూర్చోబెట్టారు. కాళ్ల దగ్గర బ్రేకు, ఎదురుగా ఒక దీపం. అది ఎర్రబడగానే తొక్కాలి. వెలగడానికీ తొక్కడానికీ మధ్య ఎంతసేపు పట్టిందో ఆ యంత్రం రెప్పపాటులో వందో వంతు దాకా లెక్కకట్టి చెప్పింది. నేను నోరు తెరుచుకుని ఉండిపోయాను. బస్తాలు మోయడానికి తప్ప ఎందుకూ పనికిరావనుకున్న కాళ్లివి. వాటి కోసం ఒక గది కట్టి, యంత్రం పెట్టి, ఒక మనిషిని కూర్చోబెట్టారు!

"అబ్బో, మీ కాలు భలే చురుకండీ," అందా గదిలో అమ్మాయి. ఆ చురుకే నా కొంప ముంచుతుందని అప్పుడు తెలియదు.

రోడ్డు మీద పరీక్షకి బల్దొమేరోగారి వ్యానే తీసుకెళ్లాను. ఇక్కడ జనవరంటే నడివేసవి, ఎండ పేలిపోతోంది. పరీక్ష పెట్టే ఆవిడ పేరు హిమేనా. కిటికీలోంచి మోచెయ్యి బయట పెట్టి, వేళ్ల మధ్య పెన్ను పట్టుకుని కూర్చుంది. మలుపు వచ్చినప్పుడల్లా నా బొటనవేలు హారన్ మీదికి పోబోయింది, వెనక్కి లాక్కున్నాను. ఇక్కడ ఎవడూ హారన్ కొట్టడు. అంత పెద్ద రోడ్డు, అన్ని బండ్లు, అంతా నిశ్శబ్దం. ఎవరికి వాళ్లు తెల్లగీతల మధ్య బుద్ధిగా పోతుంటే గుళ్లోకి వచ్చినట్టుంది నాకు.

ఊరి చివర మొక్కజొన్న చేల మధ్య ఒక కూడలి వచ్చింది. ఎర్ర పలక మీద ఆగమని రాసుంది. నాలుగు వైపులా చూపు ఆనినంత మేర పురుగు కూడా లేదు. పుస్తకంలో ఉంది కాబట్టి ఆపాను. కానీ ఉండబట్టలేక అడిగాను.

"ఎవరూ లేరు కదమ్మా. ఎవరి కోసం ఆగినట్టు?"

"ఉంటే?" అందావిడ.

అంతే అంది. ఆ ఒక్క మాటకి ఆ పలక వంక మళ్లీ చూశాను. మా దారిలో మనిషిని చూసి ఆగుతాం. ఇక్కడ ఇంకా రాని మనిషి కోసం, వస్తాడో రాడో తెలియనివాడి కోసం, రోజూ ఇన్ని వందల మంది ఈ చేల మధ్య ఆగి వెళ్తున్నారు! దూరాన మంచుకొండలు తెల్లగా మెరుస్తున్నాయి. నాకు వాటికంటే ఆ రేకు పలకే గొప్పగా కనిపించింది.

ఆ మైకంలోనే వంతెన ఎక్కాను. సరిగ్గా వంతెన మధ్యకొచ్చేసరికి బయట తలుపు మీద టక్, టక్ అని చప్పుడైంది.

నా కాలు బ్రేకు తొక్కేసింది. వెనక దుంగల లారీవాడు కీచుమని ఆపి, మా ఇద్దరి తాతల్నీ తిట్టాడు.

"ఎందుకాపావయ్యా?" హిమేనాగారు అరిచింది.

"మీరు దిగుతానన్నారు కదండీ."

"నేనెప్పుడన్నాను?"

"తట్టారు కదా."

ఆవిడ తన చేతిలో పెన్ను వంక చూసుకుంది. మా దేశంలో నేను తోలిన బండిని టాప్‌టాప్ అంటారు. దానికి గంట ఉండదు, తాడు ఉండదు. దిగాలనుకున్నవాడు రేకు మీద రెండుసార్లు తడతాడు, డ్రైవరు ఉన్నచోటే ఆపుతాడు. ఇదంతా ఆవిడకి చెప్పాను.

"అయ్యో దేవుడా! నాకిది అలవాటయ్యా, ఏదో ఆలోచిస్తూ కొట్టుకుంటాను," అంది.

"నాదీ అలవాటేనండీ."

నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది పాపం. కానీ కాగితం మీద మాత్రం ఫెయిలని రాసింది. "ఇంకొక్కసారి రావచ్చు, రెండు వారాలకి. అదీ పోతే ఆరు నెలలు ఆగాలి," అంది. ఆరు నెలలంటే బల్దొమేరోగారి మేనల్లుడు సీట్లో పాతుకుపోతాడు.

ఇంటికొచ్చి చెబితే క్లెర్మీజ్ మంచం మీద పడి పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి లేచాక కోపం వచ్చింది దానికి.

"నవ్వులాటగా ఉందా నీకు? చదివి చదివి నా గొంతు పోయింది. ఆవిడెవరో పెన్నుతో కొడితే బండాపుతావా? ఆదివారం రా, నీ కాలి పని పడతా!"

ఆదివారం నన్నూ వ్యాన్నీ మూతపడ్డ రంపపుమిల్లు ఆవరణలోకి తీసుకుపోయింది. గేటేసి, వెనక కూర్చుంది, చేతిలో గరిటె.

"నేను తడతా. ఆపావో, ఈ గరిటె నీ నెత్తిన పడుద్ది. పోనీ!"

పోనిచ్చాను. తట్టింది. ఆపాను. మళ్లీ పోనిచ్చాను, మళ్లీ తట్టింది, మళ్లీ ఆపాను. పదకొండుసార్లు అలాగే అయింది. పదకొండోసారి స్టీరింగ్ మీద తల ఆనించి కూర్చున్నాను.

"నావల్ల కాదే," అన్నాను. "తట్టడమంటే అక్కడొక మనిషి ఉన్నట్టు. వానలో, కడుపుతో ఉన్న మనిషి తట్టిందనుకో. ఆపకుండా పోతే ఆ కొండెక్కి ఎంత దూరం వెనక్కి నడవాలి?"

క్లెర్మీజ్ గరిటె పక్కన పెట్టింది. తర్వాత వెనకనుంచే నా భుజం మీద చెయ్యేసింది.

"ఆ మనుషులందర్నీ ఇళ్ల దగ్గర దించేశావయ్యా. ఎవరూ మిగల్లేదు. పోనీ."

ఈసారి అది తడుతూనే ఉంది, నేను పోతూనే ఉన్నాను. మిల్లు చుట్టూ ఆరుసార్లు తిప్పాను. ఆపకుండా పోగలిగినందుకు సంతోషించాలి. కానీ నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను.

రెండోసారి పరీక్షకి మళ్లీ హిమేనాగారే వచ్చింది. మోచెయ్యి బయటపెట్టింది. బజారు దాటాక, ఎదురుగా చూస్తూనే, కావాలని తట్టింది. టక్, టక్. నా కాలు బ్రేకు మీదికి పోబోయింది. పోనిచ్చాను. ఇంకా మూడుసార్లు తట్టింది. చెమటలు కారిపోతున్నా పోనిచ్చాను.

ఆసుపత్రి వీధి మొదట్లో రోడ్డు మీద తెల్లచారలున్నాయి. ఒక ముసలావిడ, చేతిలో ఆకుకూరల సంచి, కాళ్లకి ఇంటి చెప్పులు, ఒక్క అడుగు ఆ చారల మీద వేసింది. తట్టలేదు. చెయ్యెత్తలేదు. నా వైపు చూడను కూడా లేదు.

నా కాలు తనంతట తనే నెమ్మదిగా బ్రేకు మీదికి వెళ్లింది. అద్దంలో చూస్తే నా వెనక ఐదు కార్లు ఆగాయి. ఎదురుగా దుంగలు నింపుకున్న రెండు లారీలు ఉస్సురంటూ ఆగాయి. వీధి వీధంతా ఆగిపోయింది. ఆవిడ మధ్యలో నిలబడి సంచి చెయ్యి మార్చుకుంది. ఒక్కడు గొణగలేదు, ఒక్క హారన్ మోగలేదు. అంతంత ఇంజన్లు ఊపిరి బిగబట్టి ఒక జత చెప్పుల కోసం కాచుకుని ఉన్నాయి, వాటి ముందు వరసలో నేనున్నాను. రోజూ చూసేవాళ్లకి ఇది మామూలేనేమో. నాకు మాత్రం సముద్రం పాయలుగా విడిపోవడం చూసినట్టుంది. తట్టాల్సిన అవసరమే లేని చోటు ఒకటి ఈ భూమ్మీద ఉందని నాకు ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదు.

"పోవచ్చయ్యా, ఆవిడ దాటి చాలాసేపయింది," అంది హిమేనాగారు మెల్లగా.

ఆఫీసు గేటు ముందు జాగ్రత్తగా ఆపాను. ఆవిడ కాగితాలు సర్దుకుంది. ఇక్కడ బస్సు దిగేవాళ్లు డ్రైవరుకి ఒక మాట చెప్పి దిగుతారు, తలెత్తి చూడకుండానే, నోటి అలవాటుగా. ఆవిడా అలాగే కాగితాలు చూసుకుంటూ దిగి, "థాంక్సండీ, డ్రైవరుగారూ," అంది.

నేను స్టీరింగ్ పట్టుకుని కదలకుండా కూర్చున్నాను. ఆవిడ నాలుగడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కొచ్చి కిటికీలోంచి తొంగి చూసింది.

"ఏమయ్యా, పాసయ్యావో లేదో అడగవా?"

అడగాలని నాకు తోచనేలేదు.