ఉముకోరో మాస్టారి కనాట్

ఉముకోరో మాస్టారికి అర్థాల పిచ్చి. పిచ్చి అని మర్యాదకి అంటున్నాను, అది ఒట్టి పొగరు. బడి నుంచి రిటైరై పదకొండేళ్లయినా ప్రపంచమంతా ఐదో తరగతి అనుకునే మనిషి. ప్రతి శనివారం మా సపెలే ఊరి ఆటల క్లబ్బుకి ఓ కాగితాల కట్ట మోసుకొస్తాడు. ఓ పక్క క్యూ అక్షరం ఉన్న ఇంగ్లీషు మాటలు, ఇంకో పక్క వాటి అర్థాలు. వచ్చే వారానికి ఒప్పజెప్పాలట. వాటిని గేటు దగ్గర బొబ్బర్ల వడలమ్మే ఆవిడకి ఇచ్చేస్తాం. ఆవిడ వడలు అందులోనే కట్టి ఇస్తుంది.

మాది బల్ల మీద అక్షరాల బిళ్లలు పేర్చి మాటలు కట్టే ఆట. మాట నిఘంటువులో ఉంటే చాలు, అర్థం ఎవడికీ అక్కర్లేదు. పంక్చర్లు వేసే తేజిరి మూడో తరగతిలోనే బడి మానేశాడు, అయినా వేలకి వేలు మాటలు బట్టీ పట్టాడు. వాటిలో ఒక్కదానికీ అర్థం తెలియదని ఊరంతా అనుకునేది. నేనూ అలాగే అనుకున్నాను.

ఆ రోజు రాష్ట్రం జట్టులో మిగిలిన ఒక్క చోటు కోసం మాస్టారికీ తేజిరికీ మధ్య ఆఖరి ఆట. ఆ చోటుతో పాటు క్రీడాశాఖలో ఉద్యోగం వస్తుంది. తేజిరికి అది రోడ్డు పక్క నుంచి లేవడం. ఇంట్లో పింఛను తింటున్న మాస్టారికేమో, మెడలో వేసుకోవడానికి ఇంకో బిళ్ల.

అంపైరుని నేను. ఒక్కొక్కరికీ ఇరవై అయిదు నిమిషాలు. మాట పేర్చి గడియారం నొక్కితే ఎదుటివాడి టైము నడుస్తుంది. టైము దాటితే నిమిషానికి పది పాయింట్ల కోత. గడియారం గురించి అంపైరు నోరెత్తకూడదు.

తేజిరి మొదటి మాట పేర్చి గడియారం నొక్కాడు. మాస్టారు తన బిళ్లల వంకైనా చూడలేదు.

"దీనర్థం ఏంట్రా?"

"పద్దెనిమిది, సార్."

"పద్దెనిమిదట. విన్నావా ఒనొమే? అర్థం అడిగితే పాయింట్లు చెబుతున్నాడు." నన్నలా అడిగి, జనం వైపు తిరిగి ఆ మాట పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పాడు. హాలంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. చిన్నప్పుడు ఇదే మనిషి, అర్థం చెప్పలేదని నన్ను బెంచీ ఎక్కించాడు. అప్పుడు నన్ను చూసి నవ్వినవాళ్ల మీద ఇప్పటికీ నాకు కసి. అయినా నవ్వాను.

ప్రతి మాటకీ అదే తంతు. తేజిరి తలొంచుకుని పాయింట్లు చెప్పడం, మాస్టారు ఉపన్యాసం దంచడం. ఆటలో మాత్రం ఆయనే ముందున్నాడు. తేజిరి బిళ్లలు నిలబెట్టుకునే పలకలో క్యూ బిళ్ల మొదటి నుంచీ ఉండటం నేను వెనక నుంచి చూస్తూనే ఉన్నాను. రెండుసార్లు దాన్ని దింపే వీలున్నా దింపలేదు. ఆట ముగిసేసరికి అది చేతిలో మిగిలిపోతే దెబ్బ తినేది వాడే. పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి. వీడికి ఉద్యోగం ఇస్తే ఆఫీసు తలుపు ఎటు తెరవాలో కూడా చెప్పాలి అనుకున్నాను.

మాస్టారికి రెండు నిమిషాలు మిగిలాయనగా తేజిరి క్యూ దింపి గడియారం నొక్కాడు. కనాట్.

"అర్థం?"

"ఇరవై ఎనిమిది, సార్."

"కర్మ." మాస్టారు కుర్చీ వెనక్కి తోసి లేచాడు. క్యూ ఆయన సొంత అక్షరం కదా మరి. జేబులోంచి కాగితం తీసి, కళ్లజోడు తుడుచుకుని మొదలుపెట్టాడు. పర్షియా ఎడారట, కొండలట, భూమి కింద తవ్విన కాలువట, రాజులట. "నోరు తిరగని మాటలు పేర్చుకుంటే చదువు రాదురా, ఆ పంపుతో టైర్లకి గాలి కొట్టుకో," అని ముగించి కూర్చున్నాడు. తాపీగా బిళ్లలన్నీ దింపి ఆట ముగించాడు. బల్ల మీద లెక్క చూస్తే ఇరవై రెండు పాయింట్లు ముందున్నాడు.

గడియారం వాళ్ల ముందు పెట్టాను. మూడు నిమిషాలు దాటింది. ముప్పై కోత. ఎనిమిదితో ఓడిపోయాడు.

"అదేమిటి ఒనొమే, నేను అర్థం చెబుతున్నాను కదా," అన్నాడు మాస్టారు.

"మీ టైములో చెప్పారు, మాస్టారూ," అన్నాను. ఆ ఒక్క వాక్యం అనడానికి నేను నలభై ఏళ్లు ఆగాను.

బయట వడల దగ్గర తేజిరి కనిపించాడు. గెలిచినా మొహంలో పొంగు లేదు. పెద్దరికం చూపిద్దామనిపించింది.

"అదృష్టం కలిసొచ్చిందిరా. ఇకనైనా రెండు అర్థాలు నేర్చుకో. ఆఫీసులో నవ్వుతారు."

వాడు వడ నమిలి మింగాడు. "కొండ కింది నీళ్లని ఊరి దాకా తెచ్చే సొరంగం, అక్కా. గాలి ఆడటానికి దారి పొడుగునా బావులు తవ్వుతారు. మాస్టారు బావుల సంగతి మర్చిపోయారు."

"ఇదంతా నీకెలా తెలుసురా?" అన్నాను.

"రోజూ ఇక్కడే తింటాను. వడలు కట్టిన కాగితం పారేయను," అన్నాడు వాడు.

"మరి లోపల చెప్పలేదేంరా?"

"చెబితే ఆయన ఉపన్యాసం ఆపేస్తారు కదా. క్యూ చూస్తే మాత్రం ఆపలేరని తెలుసు, అందుకే చివరిదాకా దాచాను." చేతిలోని కాగితం నూనె తుడిచి, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "ఆయన అడిగిన ప్రతిసారీ మీరూ నవ్వారక్కా. అందరికంటే ముందు మీరే."

నిజమే. ముందు నవ్వింది నేనే.