గోల్ వెనక స్టూలు

ఆదివారం మధ్యాహ్నం పన్నెండుంపావుకి నేనో అబద్ధమాడాను. నోటితో కాదు, చేత్తో.

చక్రాల బూట్లతో ఆడే మా రోలర్ హాకీ పోటీల్లో ఒక పద్ధతుంది. పెద్దల జట్లలో ఆడేవాళ్ళు పిల్లల మ్యాచ్‌లకి చాకిరీ చెయ్యాలి. ఒకరు గడియారం చూస్తారు, ఒకరు నేల తుడుస్తారు, ఒకరు గోల్ వెనక స్టూలు మీద కూర్చుని, బంతి లోపలికి వెళ్తే ఎర్రజెండా ఎత్తుతారు. నేను వారమంతా ఫ్రిజ్‌లు బాగుచేస్తాను. సెలవురోజుల్లో నలభై దాటినవాళ్ళ జట్టుకి గోల్‌కీపర్ని. చేతిపని వచ్చు కాబట్టి గోల్‌లకి వలలు కట్టే పని కూడా నెత్తిన వేసుకున్నాను. ఎవరూ వెయ్యలేదు, నేనే వేసుకున్నాను. పనిమంతుణ్ణనిపించుకోవాలని నాకు మహా యావ.

ఆ ఉదయం రెండు గోల్‌లకీ వలలు బిగించాను. ఇనుప చట్రానికి జానెడుకొకటి చొప్పున ప్లాస్టిక్ పట్టీలతో కట్టుకుంటూ రావాలి. రెండో గోల్ ఎడమ పక్క కింది మూలకి వచ్చేసరికి పట్టీలు అయిపోయాయి. ఇంకా రెండు పడాలి. బండిలో ఇంకో కట్ట ఉంది కదా, తెద్దామని లేచాను. ఈలోగా పళ్ళ డాక్టరమ్మ వచ్చింది. ఈ పోటీలకి ఆవిడే పెద్ద రిఫరీ. పై అంచు పట్టుకుని వలని గట్టిగా లాగి చూసింది.

"భేష్! మీరు కట్టారంటే ఇంక చూసుకోనక్కర్లేదు" అంది.

"ఏనుగు లాగినా ఊడదు మేడమ్" అన్నాను.

అంత మాట అన్నాక ఆవిడ కళ్ళముందే మిగిలిన రెండు పట్టీలూ తెచ్చి కట్టడానికి నాకు మొహం చెల్లలేదు. ఆవిడ వెళ్ళాక కడదామనుకున్నాను. ఆవిడ వెళ్ళింది, టీ వచ్చింది, టీతోపాటు మా జట్టువాళ్ళూ వాళ్ళ కబుర్లూ వచ్చాయి. పట్టీల సంగతి బుర్రలోంచి ఎగిరిపోయింది.

పన్నెండింటికి పద్నాలుగేళ్ళలోపు ఆడపిల్లల సెమీఫైనల్ రెండో సగం మొదలైంది. ఒక జట్టుకి మా అమ్మాయి కెప్టెన్. కూతురు ఆడే మ్యాచ్‌లో తండ్రి జెండా పట్టడమేమిటని మీరడగొచ్చు. ఆ రోజు మనుషులు తక్కువపడ్డారు. ఎదుటి జట్టు ఒప్పుకుంటే సరేనంది డాక్టరమ్మ. ఆ జట్టు కోచ్ బళ్ళో డ్రిల్లు మాస్టారు, నన్ను పదేళ్ళుగా ఎరిగినవాడు. "అన్న సంగతి మనకి తెలీదా!" అని నవ్వేశాడు.

నా స్టూలు ముందు కాపలా కాసేది వాళ్ళ గోల్‌కీపర్. ఆ పిల్లని అందరూ గోడ అంటారు. చూస్తే గట్టిగా గాలేస్తే ఎగిరిపోయేలా ఉంటుంది. కాళ్ళకి కట్టుకున్న ప్యాడ్‌లే మనిషికంటే లావు. బంతి దూరంగా ఉన్నప్పుడల్లా కర్రతో ఎడమ స్తంభాన్నోసారి, కుడి స్తంభాన్నోసారి తట్టి తనెక్కడుందో సరిచూసుకునేది. ఇరవై ఏళ్ళు ఆడినా నాకు పట్టుబడని అలవాటది. నాకు ముచ్చటేసింది.

రెండు రెండు మీద ఉంది ఆట. ఇంకో నిమిషముంది. మా అమ్మాయి ఎడమ పక్కనుంచి బంతితో దూసుకొచ్చింది. గోడ ఆ స్తంభానికి అతుక్కుపోయింది. ప్యాడ్‌కీ ఇనుముకీ మధ్య వేలు దూరే సందు కూడా లేదు. మా అమ్మాయి కొట్టిన బంతి స్తంభానికి అవతల, బయటివైపు వలకి తగిలింది. నేను కట్టకుండా వదిలేసిన చోట వల పైకి లేచింది. బంతి దాని కిందనుంచి లోపలికి దొర్లి, గోడ మడమల వెనక ఆగింది.

నేను రెండు గజాల దూరంలో ఉన్నాను. సరిగ్గా కనబడలేదని చెప్పుకోవడానికి కూడా లేదు. శుభ్రంగా కనబడింది.

డాక్టరమ్మ ఈల వేసి నావైపు చూసింది. కాదని చెయ్యి ఊపితే, మరి లోపలికెలా వచ్చిందని అడుగుతుంది. వచ్చి వల ఎత్తి చూస్తుంది. అందరూ మూగుతారు. ఏనుగు సంగతి ఆవిడ మర్చిపోయి ఉండదు. ఇదంతా ఆలోచించడానికి నాకు ఒక్క క్షణం పట్టింది. జెండా ఎత్తాను. పిల్లలు కేకలేసుకుంటూ మా అమ్మాయి మీద పడుతుంటే, లేచిన వలని బూటుకాలితో కిందికి నొక్కేశాను.

మ్యాచ్ అయ్యాక కాగితం మీద సంతకాలుంటాయి. రిఫరీ, ఇద్దరు కోచ్‌లు, జెండాలవాళ్ళు పెడతారు. ఆ పైన దేవుడు దిగొచ్చినా ఫలితం మారదు. నా దగ్గరికొచ్చినప్పుడు పెట్టేశాను.

డబ్బాలో జెండా పెడుతుంటే పక్క బెంచీ దగ్గర డ్రిల్లు మాస్టారి గొంతు వినబడింది.

"గోడకి కన్నం పడిందే! స్తంభం వదలొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పానా, లేదా?"

"వదల్లేదు సార్."

"వదలకపోతే బంతి నీ పొట్టలోంచి వెళ్ళిందా? ఓడిపోతే పోయాం, అబద్ధాలెందుకు?"

"నిజంగా వదల్లేదు సార్. ప్యాడ్ ఇనుముకే ఆనించి ఉంచాను."

"చాల్చాల్లే. మూడో స్థానం మ్యాచ్‌కి నువ్వు కూర్చో. ప్యాడ్‌లు విప్పి రెండో గోల్‌కీపర్‌కియ్యి."

గోడ నేలమీద కూర్చుని ప్యాడ్‌ల పట్టీలు విప్పడం మొదలుపెట్టింది. ఒక కాలిది విప్పింది. రెండోది విప్పుతూ ఆగి, తలెత్తకుండా, "వదిలానేమో సార్" అంది.

అప్పటిదాకా ఎలాగో నెట్టుకొచ్చాను. ఆ "నేమో" విన్నాక నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ పిల్ల తన కాలు ఎక్కడుందో తనే నమ్మడం మానేసింది. దొంగని నేను, దొంగలా తలొంచుకున్నది తను.

సరాసరి డాక్టరమ్మ దగ్గరికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ చేతిలోని నీళ్ళ సీసా కింద పెట్టింది.

"సంతకం పెట్టేటప్పుడు నోరు పడిపోయిందా?"

నేను ఆ కాగితం కోసం ఆవిడ చుట్టూ చూశాను.

"కాగితం వెళ్ళిపోయింది. ఇప్పుడు నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. ఆ పిల్లకి చెప్పారా?"

"ఇంకా లేదండి."

"మరి నా దగ్గరేం చేస్తున్నారు?"

ఆ బెంచీ దాకా నలభై అడుగులు నడిచాను. పదిమంది పిల్లల ముందు నిలబడి, "మాస్టారూ, అది గోల్ కాదు. బంతి పక్కనుంచి దూరింది. అక్కడ వల కట్టనిది నేనే. చూసి కూడా జెండా ఎత్తాను" అన్నాను.

"ఏంటన్నా, వేళాకోళమా?" అన్నాడు.

తీసుకెళ్ళి ఒక్క వేలితో వల ఎత్తి చూపించాను. ఆయన కాసేపు దానికేసి చూశాడు. నాకేసి చూడలేదు. తిరిగొచ్చి, "కట్టుకోమ్మా, నువ్వే ఆడు" అన్నాడు గోడతో.

"నేను వదల్లేదు కదా అంకుల్?" అని నన్నడిగింది ఆ పిల్ల.

"వదల్లేదు తల్లీ."

"కొంచెం కూడా?"

"కొంచెం కూడా."

"థాంక్స్ అంకుల్" అని ప్యాడ్‌లు కట్టుకోసాగింది. చెంప పగలగొట్టి ఉంటే నాకు అంత సిగ్గేసేది కాదు.

వెనక్కి తిరిగితే మా అమ్మాయి. ఎప్పుడొచ్చిందో, అంతా వింది. బట్టలు మార్చుకునే గదివైపు నడిచింది. వెంట వెళ్ళాను. గది బయట బల్లమీద కూర్చుంది. ఫైనల్ నాలుగింటికి.

"కొట్టినప్పుడే బయటికెళ్ళిందనిపించింది" అంది. "తిరిగి చూస్తే నీ జెండా లేచి ఉంది. నాకే సరిగ్గా కనబళ్ళేదనుకున్నా."

నేను నిలబడే ఉన్నాను. పక్కన కూర్చునే ధైర్యం లేదు.

"నా కోసమేనా నాన్నా?" అనడిగింది.

గొంతులో కోపం లేదు. అదే నన్ను కోసేసింది. తండ్రి తనమీద ప్రేమకొద్దీ గడ్డి కరిచాడనుకుని, ఆ తప్పులో సగం తను మొయ్యడానికి సిద్ధపడిపోయింది. అవునంటే సరిపోయేది. బిడ్డ కోసం కక్కుర్తిపడ్డాడనుకుని లోకం కూడా కాస్త జాలిపడేది. అవునందామని నోరు తెరిచాను కూడా.

"కాదమ్మా" అన్నాను. "వల సరిగ్గా కట్టలేదని అందరికీ తెలిసిపోతుందని."

"అంతేనా?"

"అంతే."

అది లేచి, హెల్మెట్ చంకలో పెట్టుకుని, గొంతు తగ్గించి అంది:

"ఎవరైనా అడిగితే నా కోసమే అని చెప్పు నాన్నా. అది కాస్త నయం."