రెండు కుర్చీల ఎన్నిక

వన్ టౌన్‌లోని చిన్న చర్చి సంఘాన్ని పెద్ద సంఘంలో కలిపేసి ఆరేళ్లయింది. ఆనాటి ఒప్పందం ప్రకారం ఉమ్మడి కమిటీలో పాత సభ్యులకు రెండు కుర్చీలు. వాటిలో కూర్చునే ఇద్దరినీ పాతవాళ్లే ఏటా కూర్చుని ఎన్నుకోవాలి.

పట్టుబట్టి అలా రాయించింది హెన్రీ మాస్టారు. హిస్టరీ చెప్పి రిటైరైన మనిషి. స్కాట్లాండు పార్లమెంటు ఇంగ్లండుదానితో కలిసిపోయాక, అక్కడి ప్రభువులందరికీ లండన్‌లో చోటు దొరక్క, తమలో తామే పదహారుమందిని ఎన్నుకునేవారని ముప్పయ్యేళ్లు పాఠం చెప్పాడు. ఎన్నికనాడు గుమాస్తా బిరుదులన్నీ పేరుపేరునా పిలిచేవాడు. వారసులున్నారో లేరో తెలియని బిరుదులను కూడా పిలిచి, కాసేపు ఆగి, ముందుకు పోయేవాడు. అక్కడికి రాగానే క్లాసంతా పడీపడీ నవ్వేది.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక పాతవాళ్లలో ఎన్నికకు ఆగింది జయమణి ఒక్కతే. మాస్టారు పాత సభ్యుల జాబితా తెరిచి చదవసాగాడు. ఒక్కో పేరుకీ ఆగాడు. గోడ అవతల పోర్టు లారీలు పోతున్నాయి.

"అక్సా" అన్నాడు. పోయిన వేసవిలో చనిపోయిన ఆయన భార్య పేరది. దానికీ అంతే ఆగాడు, ఎక్కువా కాదు, తక్కువా కాదు.

"ఆ పేరింకా తియ్యలేదేటి మాస్టారూ?" అంది జయమణి.

"తియ్యడానికి రూలు లేదమ్మా. రూలు రాసింది నానే."

తరువాతి పేరు చదివాడు. "హెన్రీ."

ఆగాడు. జవాబు రాలేదు. ఆయన వేలు కింది వరసకి జారింది.

"మాస్టారూ," అంది జయమణి మెల్లగా, "అది మీరేనండి."