పెయింటు కింద పేరు

నేను ఒక రేకు బోర్డును. అమీర్‌పేటలో ఓ కంప్యూటర్ శిక్షణ కేంద్రం మెట్ల దగ్గర ఎండకు మాడటమే నా ఉద్యోగం. మొదట్లో పెయింటర్ యాదగిరి నా ఒంటి నిండా ఎర్రగా "డెల్ఫీ – కృపాకర్ సార్" అని రాశాడు. అక్కడ పిల్లలు సంస్థ పేరు చూడరు, సారు పేరు చూసి మెట్లెక్కుతారు. అందుకని కాస్త మిడిసిపడ్డాను.

ఎదుటి మేడ మీద నా శత్రువు, ఇంకో బోర్డు, వేలాడేది. దాని మీద విజువల్ బేసిక్. కిటికీలూ బటన్లూ ఉండే ప్రోగ్రాములు చకచకా తయారుచేసే పనిముట్లే రెండూ. ఏది గొప్పదన్న తగువులో టీ కొట్టు దగ్గర కాలర్లు పట్టుకున్నవాళ్ళున్నారు. సార్ ప్రతి ఉచిత డెమో క్లాసునూ వెక్కిరింతతోనే మొదలుపెట్టేవారు.

"అది పసిపిల్లల బొమ్మల పెట్టె. ప్రోగ్రామర్లు కాదలచుకున్నవాళ్ళు ఇక్కడ కూర్చోండి."

పిల్లలు పగలబడి నవ్వేవారు. నాకూ సరదాగానే ఉండేది.

కొన్నాళ్ళకు ఉద్యోగ ప్రకటనలు ఎదుటి మేడ వైపు మొగ్గాయి. మా బెంచీలు ఖాళీ అయ్యాయి. సార్ లోపల పాఠం చెబుతుండగానే యజమాని ధనుంజయ యాదగిరిని పిలిపించాడు. అలికిడికి సార్ బయటికొచ్చారు.

"సారూ, నిచ్చెన ఊగుతున్నది, జర పట్టుకోరి" అన్నాడు యాదగిరి.

సార్ పట్టుకున్నారు. పైన డెల్ఫీ మీద తెల్లరంగు పడింది.

"మీ పేరు ఉంచాలంటే సోమవారం నుంచి విజువల్ బేసిక్ చెప్పండి కృపాకర్ గారూ" అన్నాడు ధనుంజయ.

"నాకది రాదండీ."

"చెప్పేవాళ్ళందరికీ వచ్చేమిటి?"

ఇల్లు గడవాలి కదా, ఒప్పుకున్నారు. సోమవారం ఆయన నోరు విప్పగానే వెనక బెంచీ నుంచి ఎవడో అడిగాడు. "సార్, బొమ్మల పెట్టె తెచ్చారా?" ఆయన నేర్పిన నవ్వే గది నిండా మోగింది. సార్ సుద్దముక్క బల్ల మీద పెట్టి మెట్లు దిగిపోయారు. సాయంత్రానికి ఆయన పేరూ చెరిగింది.

గెలిచి నా మీదికెక్కిన విజువల్ బేసిక్ కూడా ఎన్నాళ్ళో నిలవలేదు, కొత్తగా వచ్చిన జావా పేరు దాని మీద పూశారు. చివరికి నన్ను పీకి కింది జిరాక్స్ కొట్టుకు పక్కగోడగా కొట్టారు. యాదగిరి పాత రంగు గీకే రకం కాదు, మీదమీదే పూసేస్తాడు. వానలకు పొరలన్నీ ఊడి అడుగునున్న ఎర్ర అక్షరాలు బయటపడ్డాయి.

మొన్న వానలో ఒక పెద్దాయన సర్టిఫికెట్లు జిరాక్స్ తీయించడానికొచ్చారు. జుట్టు నెరిసినా గుర్తుపట్టాను. నా మీది ఎర్ర అక్షరాలు చూసి కొట్టతన్ని అడిగారు.

"ఈ కృపాకర్ సార్ ఎవరు బాబూ?"

"ఎవరో పాత సారట. ఏం రాదని ఎల్లగొట్టిన్రట" అన్నాడు కొట్టతను, తల ఎత్తకుండానే.

"అవునట. నేనూ విన్నాను" అన్నారు సార్, కాగితాలు తడవకుండా చొక్కా లోపల పెట్టుకుంటూ.