తొమ్మిది శనివారాల మొక్కు

"కొవ్వొత్తులు మర్చిపోయేవు మార్తా! మా అబ్బాయి పేరు చెప్పుకుని మరీ వెలిగించు" అంటూ మా అత్తగారు శౌరమ్మ గారు ప్రతి శనివారం పొద్దున్నే గుమ్మం దగ్గర ఒక పొట్లం నా చేతిలో పెట్టేవారు. తలొంచుకుని సంచిలో వేసుకునేదాన్ని. ఆవిడ లెక్కలో నేను వెళ్లేది గుణదల మాత కొండకి. నేనెక్కిన ఆటో మాత్రం గాంధీ కొండకి పోయేది.

అక్కడ డిప్రెషన్ ఉన్నవాళ్లం పదిమందిమి కలిసి కొండెక్కుతాం. ఆస్పత్రిలో కౌన్సెలర్ సింధూరి గారు పెట్టిన గ్రూపు. మందులతో పాటు నడక, నలుగురి తోడు కూడా కావాలన్నారామె. ఆ మాట ఇంట్లో ఎలా చెప్పను? ఒకరోజు పాలు పొంగిపోతున్నా స్టవ్ కట్టెయ్యలేక నిలబడి ఏడుస్తుంటే, మా ఆయన అంతోని అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. "తిండికి లోటా, గుడ్డకి లోటా? పనీపాటా తక్కువైతే వస్తాయివన్నీ." పనీపాటా తక్కువట! ఐదింటికి లేచి అందరికీ ఒక కూర, ఆయనకి ఉప్పు తక్కువేసి వేరే కూర వండి, స్కూల్లో ఆరు పీరియడ్లు చెప్పి, వచ్చి అంట్లు తోముకునే మనిషిని. అయినా ఆ రోజు నిజంగానే సిగ్గేసింది, లోటేమీ లేకుండా ఏడుస్తున్నందుకు. అందుకే ఆయన బీపీ తగ్గాలని గుణదలకి తొమ్మిది శనివారాలు మొక్కుకున్నానని చెప్పాను. నాకంటూ గంట దొరకని ఇంట్లో, ఆయన కోసమనేసరికి తొమ్మిది శనివారాలు దొరికాయి.

కొండ మీద కూడా అబద్ధమే ఆడాను. అందరూ తమ సంగతి చెప్పుకుంటుంటే "మా చెల్లెలికి బాగాలేదండీ, తెలుసుకుందామని వచ్చాను" అన్నాను. వెనకబడినవాళ్ల కోసం అందరూ ఆగాలన్నది అక్కడి నియమం. వెనకబడేది ఎప్పుడూ నేనే. వాళ్లంతా మెట్ల మీద కూర్చుని నా కోసం చూస్తుంటే చచ్చేంత సిగ్గుగా ఉండేది. ఇంట్లో అన్నానిక్కూడా నా కోసం ఎవరూ ఆగరు మరి. "నిదానంగా రామ్మా, కొండెక్కడికీ పోదు" అనేవారు రిటైరైన బ్యాంకు ఆఫీసరు దుర్గాప్రసాద్ గారు. ఐదో వారం కొండ దిగాక నాకు ఆకలేసింది. అలా ఆకలేసి ఎన్నాళ్లయిందో!

ఎనిమిదో వారం గడిచాక డాక్టరు మా ఆయన బీపీ మాత్ర సగానికి తగ్గించారు. మా అత్తగారు వీధి వీధంతా చెప్పుకొచ్చారు. "రేపాదివారం కృతజ్ఞత పూజ చెప్పిస్తున్నా. ఫాదర్ గారు నీ మొక్కు సంగతి అందరికీ చెబుతారంట" అన్నారు నా తల నిమురుతూ. నిమిరే చేతికింద నాకు ఒళ్లు కుంచించుకుపోయింది.

తొమ్మిదో శనివారం కొండ మీద నా వంతు వచ్చింది. "నాకు చెల్లెలు లేదండీ" అన్నాను. ఎవరూ ఆశ్చర్యపోలేదు.

"తెలుసమ్మా. మొదట్లో నేనూ మా తమ్ముడి మీద పెట్టే చెప్పాను" అన్నారు దుర్గాప్రసాద్ గారు.

ఇంటికొచ్చేసరికి మా ఆయన టేబుల్ దగ్గర పేపరు చూస్తున్నాడు. "తొమ్మిదీ అయిపోయాయిగా. వచ్చే శనివారం నుంచి టిఫిను టైముకి పడుద్దన్నమాట" అన్నాడు.

బీరువాలో చీరల వెనక దాచిన పొట్లాలు తెచ్చి, సంచిలోది కూడా కలిపి, అత్తగారి ముందు పెట్టాను. తొమ్మిదీ విప్పకుండానే ఉన్నాయి.

"నేను గుణదల వెళ్లలేదత్తయ్యా, గాంధీ కొండకి వెళ్లాను. మొక్కూ లేదు. నాకు డిప్రెషన్. మందులు వాడుతున్నాను."

ఆవిడ పొట్లాల వంక, కొడుకు వంక చూశారు. "మరి వాడి బీపీ ఎట్టా తగ్గిందే?"

"ఉప్పు తగ్గించి వేరే వండుతున్నాగా, నాలుగు నెలల్నుంచీ."

ఆయన పేపరు మడిచాడు. నా చెవులు కాలిపోతున్నాయి. సిగ్గు ఎక్కడికీ పోలేదు. ఆ సిగ్గుతోనే, తలొంచుకునే అన్నాను:

"వచ్చే శనివారం కూడా వెళ్తానత్తయ్యా. ఈసారి నా పేరు చెప్పుకుని."