ఇంటికొచ్చిన బ్రేకు గీత

మదనపల్లెలో టీ తాగి, పుంగనూరు మీదుగా కుప్పానికి ప్రైవేటు బస్సు తోలడం మునిశేఖర్ పని. తొంభై ఎనిమిదిలో ఒక శనివారం, పుంగనూరు దాటినాక పూలమ్మ అనే ముసలామె అడ్డమొచ్చింది. బ్రేకు తొక్కినాడు. బస్సు జారి జారి కాలవ గట్టున ఆగింది. ముసలామెకు గీరు కూడా పడలేదు గానీ, లోపలోళ్ల మూతులు సీటు కమ్మీలకు తగిలి వాచిపోయినాయి. గాల్లో తోలినాడని కంప్లైంటు ఇచ్చేసినారు.

మా దిక్కున తేలని కేసుల్లో బ్రేకు గీత, అదే టైర్లు జారిన నల్ల గుర్తు, రోడ్డుమీద ఉండదు. తొక్కినోడి ఇంటికి వచ్చేస్తుంది. ఆ సాయంత్రం అదీ అంతే, మునిశేఖర్ వెనకాలే నడిచొచ్చి వీధి పొడుగునా నల్లగా పడుకుంది.

"వచ్చినావా తల్లీ! మాకిది తక్కువైంది," అని విసుక్కుంది అతని పెండ్లాం రాజేశ్వరి. అయినా పొద్దున ముగ్గు దాన్ని తప్పించే వేసింది. ఆమె దిగులంతా లైసెన్సు గురించే. స్టీరింగు తప్ప పార పట్టడం కూడా రాని మనిషి, లైసెన్సు పోతే ఏం చేసి బతుకుతాడు?

శనివారమే రోడ్డు చూసి లైసెన్సు పట్టుకుపోయిన బ్రేక్ ఇన్‌స్పెక్టర్ శ్రీనివాసులు, సోమవారం కాలేజీలో ఫిజిక్సు చెప్పే యమున మేడాన్ని వెంటబెట్టుకొచ్చినాడు. ఆమె టేపు పట్టి, మలుపు దాకా కొలిచి, లెక్క కట్టి నిట్టూర్చింది.

"చక్రాన్ని ఆపేది రోడ్డు పట్టే అన్నా. తారు రోడ్డు గట్టిగా పట్టుకుంటుంది. అయినా ఇంత దూరం జారిందంటే బస్సు చానా స్పీడుగా వచ్చుండాల."

మునిశేఖర్ తల దించుకుని గీతను చూసినాడు.

"నోరు పడిపోయిందా? చెప్పయ్యా!" అని అరిచింది రాజేశ్వరి.

ఇంతలో ఆమె కోళ్లు వచ్చి గీతను పొడుచుకు తినబట్టినాయి. యమున అదిలించబోయి, ఆగి, గొంతుక్కూచుని గీతను గోటితో గీకింది.

"ఉలవలు!" అని నెత్తి కొట్టుకుంది. "గింజ రాలేదానికి రోడ్డుమీద ఉలవకట్టె పరిచి బస్సులతో తొక్కిస్తారు కదా సార్! దినామూ దాటుకుంటా పోయేదాన్నే, లెక్కలో మాత్రం ఉత్త తారే వేసినా. గింజల మీద చక్రానికి పట్టు యాడుంటుంది? ఈ బస్సు మెల్లగానే వచ్చింది."

"నేను పోయినప్పుడు రోడ్డు శుభ్రంగా ఉండిందే! ఎవరివా ఉలవలు? వాళ్లమీద రాయాల కేసు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"తెలీదు సార్," అన్నాడు మునిశేఖర్. పొద్దుట్నుంచి అతను నోరు తెరిచింది అప్పుడే. ఎవరినో కాపాడతాండాడని రాజేశ్వరికి అర్థమైపోయి, మొగుడిమీద కోపమూ ప్రేమా ఒక్కసారే పొంగుకొచ్చినాయి.

గుంపులోంచి ఒక ముసలామె ముందుకొచ్చింది. శనివారం బస్సుకు అడ్డమొచ్చిన పూలమ్మే.

"నావే సారూ. బస్సు కాలవ గట్టుకు పోయేసరికి భయపడి అన్నీ ఊడ్చేసినా. ఈ పిల్లోడి ఉద్యోగం పోతాదని విన్నప్పట్నుంచి, రెండు దినాలుగా ముద్ద దిగలేదు."

ఆ మాట అనంగానే గీత లేచింది. ఒళ్లు విరుచుకుని పూలమ్మ కాళ్లవైపు కదిలింది. ముసలామె కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

మునిశేఖర్ ఒక్క దూకు దూకి దాన్ని కాలితో అదిమినాడు.

"యాడికి పోతాండావు? తొక్కింది నేను. నా ఇంట్లోనే పడుండు."

గీత ఆగిపోయింది. అంత సేపూ పెన్ను తెరిచి పట్టుకున్న ఇన్‌స్పెక్టర్, దాని మూత పెట్టేసి, లైసెన్సు తీసి మునిశేఖర్ జోబిలో పెట్టినాడు.

"కాలు తియ్యప్పా," అన్నాడు మెల్లగా. "కేసు తేలిపోయింది. అది ఇంక ఎవరింటికీ పోదు."