బిళ్ళగన్నేరు తెంచిన తాళ్ళు

భార్య మహాలక్ష్మి వేళ్ళకు నిజంగానే స్పర్శ లేదా, పని తప్పించుకోడానికి లేదంటోందా? కామాక్షయ్య ఈ అనుమానాన్ని ఏళ్ళ తరబడి మోస్తున్నాడు. శుక్రవారం తప్పకుండా అమ్మవారికి దీపం పెట్టేవాడు, ఆకలన్నవాణ్ణి వట్టి కడుపుతో గుమ్మం దాటనివ్వనివాడు, కట్టుకున్నదాన్ని మాత్రం నమ్మలేకపోయాడు.

ఆరేళ్ళ కిందట ఆమెకు రక్తంలో కేన్సర్ వచ్చింది. నెల్లూరు ఆసుపత్రిలో మందు ఎక్కించారు. అది బిళ్ళగన్నేరు నుంచి వచ్చిన మందని నర్సు చెప్పినప్పుడు కామాక్షయ్య రెండు చేతులూ జోడించాడు. తమ ఊరు మైపాడు ఇసుకలో ఎక్కడపడితే అక్కడ పూసే పువ్వు, తను అమ్మవారి పాదాల దగ్గర పెట్టే పువ్వు. జబ్బు పోయింది, వేళ్ళు మొద్దుబారాయి. మెల్లగా తగ్గుతుందన్నారు డాక్టర్లు. ఏళ్ళు గడిచినా ఆమె తగ్గలేదంటూనే ఉంది.

ఒకరోజు ఆమె వల బాగుచేస్తూ పక్కింటామెతో మాట్లాడుతుంటే, కామాక్షయ్య వెనకనుంచి వచ్చి ఆమె చూపుడువేలి కొసలో గాలం గుచ్చాడు. ఆమె మాట ఆగలేదు. రక్తం చీర మీద పడ్డాకే తల తిప్పి చూసింది. గాలానికి పడ్డ చేప ఒక్కోసారి చచ్చినట్టు పడుంటుంది. పట్టు సడలించగానే తెంచుకుపోతుంది. అలాంటి చేపల్ని పాతికేళ్ళుగా చూస్తున్నవాడు కనక, ఇదీ ఆ రకమే అనుకున్నాడు.

"నటనలో గట్టిదానివేమే," అన్నాడు.

ఆమె గాలం పీకి అతని చేతిలో పెట్టింది. "ఇది నాకు బాకీ పడినావు. మర్చిపోబాక."

ఈ ఉదయం ఆమె బాగుచేసిన చోటే వల విడిపోయింది. పడిన చేపంతా తిరిగి సముద్రంలోకి పోయింది. కామాక్షయ్య తల్లి ముసలమ్మ కోడలి చీరలు సంచిలో కుక్కి వాకిట్లో పడేసింది.

"ముడి బిగిసిందో లేదో తెలవదంట. ముద్ద మాత్రం నోటికాడికి సరిగ్గా పోతాది. కామాక్షయ్యా, దీన్ని తడ ఊర్లో వాళ్ళన్న ఇంట్లో దించిరా. చచ్చిన చేతులైతే మనకెందుకు? బతికినయ్యైతే ఇంకా ఎందుకు?"

"కళ్ళకు కనపడబట్టి ముద్ద పోతుందత్తా," అంది మహాలక్ష్మి. "కరెంటు పోతే పస్తే."

కామాక్షయ్య నవ్వలేదు. సంచి అందుకుని ఆటో కోసం బయటికొచ్చాడు.

అతని చెల్లెలి కూతురు సుభాషిణి నెల్లూరులో బీఎస్సీ చదువుతోంది. సెలవని వచ్చి, అరుగు మీద కూర్చుని అంతా వింది. "మామా, ఆ మందు ఏం చేస్తాదో తెలుసా నీకు?"

"కేన్సర్‌ను చంపుతాది."

"ఎట్టా చంపుతాదో చెప్తా, అటు చూడు." ఒడ్డు మీద మనుషులు రెండు వరసల్లో నిలబడి పెద్ద వలను తాళ్ళు పట్టి లాగుతున్నారు. "ఒంట్లో ప్రతి కణం లోపలా అట్టాంటి తాళ్ళుంటాయి. కణం రెండుగా చీలాలంటే ఆ తాళ్ళే లాగాల. మందు వాటిని పాడుచేస్తాది. కేన్సర్ కణం చీలలేక చస్తాది. అయితే నరంలోనూ ఆ తాళ్ళే ఉంటాయి. నరం బతకడానికి వెన్నెముక కాడ తయారైన సరుకు వాటిని పట్టుకునే వేలి కొసకు పోవాల."

"తాడు లేకపోతే సరుకు దానంతటది కొట్టుకుపోదా?"

"బకెట్లో అయితే అటూ ఇటూ కొట్టుకుని అంచుకు చేరతాది. ఈడనించి నెల్లూరు దాకా కాలవలో అట్టా పోతాదా? కణం చిన్నదైతే సరే. నరం నీ చెయ్యంత పొడుగుంటాది మామా. యేళ్ళు గడిచినా చేరదు."

కామాక్షయ్య తన చెయ్యి చాపి చూసుకున్నాడు. "ముందు చచ్చేది ఏది?"

"అన్నిటికంటే దూరంగా ఉండేది. వేళ్ళ కొసలు, పాదాలు."

ఒకసారి మహాలక్ష్మి కాలి చెప్పు ఇసుకలో జారిపోయినా తెలియక ఒంటి చెప్పుతో ఇంటికొచ్చింది. ఆ సంగతి అతనే ఊరంతా చెప్పి నవ్వించాడు.

"అమ్మవారి పువ్వు అట్టాంటి పని చేస్తాదా?" అంది ముసలమ్మ లోపలినించి.

"ఏ తాడు ఎవరిదో పువ్వుకేం తెలుసవ్వా?"

మరి అమ్మవారికి తెలుసు కదా. ఆమె కూడా చూడలేదా, చూసే ఊరుకుందా? కామాక్షయ్య ఆ మాట బయటికి అనలేదు. సంచి తెచ్చి నడింట్లో పెట్టాడు. గాలాల డబ్బాలోంచి ఒకటి తీసి, మహాలక్ష్మి ముందు కూర్చుని చూపుడువేలు చాపాడు.

"నీ బాకీ," అన్నాడు.

ఆమె వద్దనలేదు. గాలం రెండుసార్లు ఆమె వేళ్ళలోంచి జారిపడింది. మూడోసారి కళ్ళతో చూసుకుంటూ పట్టుకుని గుచ్చింది. ఒక పోటుతో అయిపోతుందనుకున్నాడు. ఆమె ఇంకా నొక్కుతూనే ఉంది. చర్మం దాటిందో, ఎముక తగిలిందో ఆమె వేళ్ళకు తెలియదు. తెలుసుకోడానికి అతని ముఖంలోకి చూసింది. కిక్కురుమనకూడదని అతను ముందే పళ్ళు బిగించి ఉన్నాడు. ఆ ముఖంలో ఏమీ కనపడక ఇంకాస్త నొక్కింది.

"నొప్పిగా ఉందా?"

"ఉంది."

"నటిస్తా ఉండావేమో," అంది. అతని కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా చూసి, గాలం పీకి అతని చేతిలోనే పెట్టింది. "సరే. చెల్లు."